ఉగ్గాని ప్లేటు ఎందుకంత చవక? బండి వెనక ఉన్న లెక్క, చట్టం

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల... మూడు ఊళ్లలోనూ తెల్లారేసరికి రోడ్డు పక్కన టిఫిన్ బండ్లు మొదలవుతాయి. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్లు తెరవకముందే హమాలీలు, ఆటో డ్రైవర్లు, పల్లెల నుంచి వచ్చినవాళ్లు బండి దగ్గర తినేసి పనికి పోతారు. పులివెందుల వైపు చీనీ, అరటి తోటలకు పోయే కూలీలదీ అదే దారి. హోటల్ కంటే తక్కువకే కడుపు నిండుతుంది. మరి బండివాళ్లకు ఎలా గిట్టుబాటవుతుంది?

మొదటి కారణం బొరుగులు. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో మర్మురే అనేది వీటినే. ఇవి ముందే వేగి ఉంటాయి. నీళ్లలో తడిపి, గట్టిగా పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కరివేపాకు, పసుపు తిరగవాతలో కలిపి, పప్పుల పొడి చల్లితే ఉగ్గాని రెడీ. నానబెట్టడం, రుబ్బడం లేదు. గ్యాస్ ఖర్చూ తక్కువే. అదే ఎర్రకారం దోసెకైతే బియ్యం, మినప్పప్పు, రుబ్బుడు, పెనం ముందు నిలబడే మనిషి, అన్నీ కావాలి.

రెండో కారణం ఇంటిల్లిపాది కష్టం. ఉల్లిగడ్డలు తరిగేది, ప్లేట్లు కడిగేది ఇంట్లోవాళ్లే. ఆ కూలి ఎవరూ లెక్క కట్టరు. అంగడి బాడుగ ఉండదు.

అయితే చవకలో చెడ్డదీ ఉంటుంది. బజ్జీల నూనెను మళ్లీ మళ్లీ కాచి, నల్లబడినా వాడటం, వేడి బజ్జీలు న్యూస్‌పేపర్‌లో చుట్టివ్వడం ఒంటికి మంచిది కాదు. పేపర్ సిరా తిండికి అంటుతుందని ఆహార భద్రతా సంస్థ 2016లోనే హెచ్చరించింది. విస్తరాకులోనో, స్టీలు ప్లేటులోనో పెట్టే బండిని చూసుకోవడం మేలు.

బాడుగ లేకుండా రోడ్డు పక్క దొరికే ఆ చోటే బండికి ప్రాణం. రేపు లేచిపొమ్మంటే బండివాళ్ల బతుకూ పోతుంది, కూలీల చవక టిఫినూ పోతుంది. అందుకే 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. లేపాలన్నా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. స్వాధీనం చేసుకున్న సరుకు పాడైపోయేదైతే, అడిగిన రోజే తిరిగి ఇవ్వాలి. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. వాళ్లలో మూడో వంతు మహిళలు. మైనారిటీలకూ తగిన చోటు ఇవ్వాలని చట్టంలోనే రాసి ఉంది.

పెట్టుబడికి వడ్డీ వ్యాపారి ఒక్కడే దిక్కు కాదు. 2020లో మొదలైన పీఎం స్వనిధి పథకం కింద బ్యాంకులు పూచీకత్తు లేకుండా అప్పు ఇస్తాయి. మొదట్లో తొలి అప్పు 10 వేలు ఉండేది, 2025లో 15 వేలకు పెంచారు. సకాలంలో కడితే తర్వాత ఇంకా ఎక్కువ ఇస్తారు.

వీటన్నిటికీ ఆధారం సర్వేలో పేరు. ఇంట్లో ఎవరైనా బండి నడుపుతుంటే మునిసిపల్ ఆఫీసుకు పోయి పేరు ఎక్కిందో లేదో చూసుకోవాలి. సర్టిఫికెట్, గుర్తింపు కార్డు తీసుకుని జాగ్రత్తగా పెట్టుకోవాలి. లేపడానికి ఎవరైనా వచ్చినప్పుడు ముందు చూపించాల్సింది ఆ కాగితమే.