పొరపాటు కాదు... పనితనం!

కూర మాడితే తప్పు వండినావిడది. అదే అద్భుతంగా ఉంటే? 'ఏదో అలా కుదిరిందిలే' అనేస్తారు. ప్రపంచమంతా ఇష్టంగా కొరుక్కు తినే చాక్లెట్ చిప్ కుకీ విషయంలోనూ అదే జరిగింది.

అమెరికాలోని బోస్టన్‌కి దగ్గర్లో విట్‌మన్ అని ఓ చిన్న ఊరు. 1930లో రూత్ వేక్‌ఫీల్డ్, ఆమె భర్త కెన్నెత్ అక్కడో ఇల్లు కొని 'టోల్ హౌస్ ఇన్' పేరుతో హోటల్ తెరిచారు. ఓరోజు కుకీలు చేస్తుంటే రూత్ దగ్గర వంటకి వాడే చాక్లెట్ అయిపోయిందట. చేతికందిన మామూలు చాక్లెట్‌నే ముక్కలు చేసి పిండిలో పడేశారట. కరిగి కలిసిపోతుందనుకుంటే ముక్కలు ముక్కలుగానే ఉండిపోయిందట. అలా పొరపాటున ఆ కుకీ పుట్టేసిందట!

కథ బాగానే ఉంది. నమ్మడమే కష్టం. రూత్ 1924లో గృహవిజ్ఞానంలో డిగ్రీ తీసుకున్నారు. ఆ పాఠాలే పిల్లలకీ చెప్పారు. డైటీషియన్‌గానూ పనిచేశారు. కలపకుండా వదిలేసిన చాక్లెట్ ముక్క ఓవెన్ వేడికి మెత్తబడుతుందే తప్ప పిండంతా పాకదని అలాంటి మనిషికి తెలియదా! ఐస్‌క్రీమ్‌తోపాటు పల్చటి బటర్‌స్కాచ్ కుకీలు పెట్టేవాళ్లమనీ, అతిథులకు ఇంకేదైనా కొత్తగా ఇవ్వాలనే దీన్ని చేశాననీ తర్వాత ఆమే చెప్పారు. ఆమె రాసిచ్చిన పద్ధతిలో చాక్లెట్‌ని బఠాణీ గింజంత ముక్కలుగా కోయాలనీ ఉంది.

ఆ తయారీ విధానాన్ని తమ చాక్లెట్ కాగితం మీద అచ్చువేసుకునే హక్కుని 1939లో నెస్లే తీసుకుంది. అందుకు ముట్టింది ఒక్క డాలరేననీ, దాంతోపాటు జీవితాంతం చాక్లెట్ ఉచితమనీ చెబుతారు. మాసచూసెట్స్ రాష్ట్రం 1997లో దాన్ని తన అధికారిక కుకీగా ప్రకటించింది. అప్పటికి రూత్ లేరు, 1977లోనే కన్నుమూశారు. ఆ హోటలూ 1984 ఆఖరి రోజున కాలిపోయింది.

బ్రౌనీకీ ఇలాంటి కథే అంటగట్టారు... ఎవరో కేకులో బేకింగ్ పౌడర్ మర్చిపోయారని! నిజానికి చిక్కటి బ్రౌనీకి ఆ పౌడర్ అక్కర్లేదు. మైదా తక్కువ, చాక్లెట్, వెన్న ఎక్కువ. కిటుకంతా అందులోనే.

కావాలంటే ఇంట్లో చేసి చూడండి. డార్క్ చాక్లెట్, వెన్న 100 గ్రాముల చొప్పున తీసుకుని, మరుగుతున్న నీళ్ల మీద గిన్నె పెట్టి కరిగించాలి. గోరువెచ్చగా అయ్యాక 150 గ్రాముల పంచదార, రెండు గుడ్లు వేసి బాగా గిలక్కొట్టాలి. ఆపైన 60 గ్రాముల మైదా, చిటికెడు ఉప్పు కలపాలి. మైదా పడ్డాక ఎక్కువ తిప్పితే బ్రౌనీ సాగుతుంది, జాగ్రత్త. వెన్న రాసిన ఆరంగుళాల గిన్నెలో పోసి 180 డిగ్రీల ఓవెన్‌లో 25 నిమిషాలు ఉంచితే సరి. ఓవెన్ లేదా? కుక్కర్ గ్యాస్‌కెట్, విజిల్ తీసేయండి. నీళ్లు పోయకుండా అడుగున ఉప్పు పరిచి, స్టాండ్ పెట్టి, పది నిమిషాలు వేడెక్కాక గిన్నె దించండి. సన్నటి సెగ మీద 35 నుంచి 40 నిమిషాలు పడుతుంది.

పుల్ల గుచ్చితే శుభ్రంగా రాకూడదు, కాస్త తడి పొడి అంటుకోవాలి. అప్పుడే దించేయండి. పిల్లలు ఎంత తొందరపెట్టినా పూర్తిగా చల్లారాకే ముక్కలు కోయండి. వేడి మీద కోస్తే ముద్దయిపోతుంది... అది మాత్రం పొరపాటే!