చర్చిలో స్క్రీన్ పెట్టారు సరే, పాట ఎంతమంది పాడుతున్నారు?

ఈ రోజు ఎపిసోడ్ ముఖ్యంగా ఆదివారం ఆరాధనలో లాప్‌టాప్ దగ్గర కూర్చునే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి. మీలో చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, మా సంఘానికి ఏ ప్రొజెక్టర్ కొనాలి?" దానికి జవాబు చెప్తాను. కాని అది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న ఏంటంటే, స్క్రీన్ వచ్చాక మీ చర్చిలో పాడేవాళ్ళు పెరిగారా, తగ్గారా? వచ్చే ఆదివారం రెండో పాటప్పుడు ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. ఎన్ని నోళ్ళు కదులుతున్నాయో లెక్కపెట్టండి. స్క్రీన్ బాగుందా లేదా అని తేల్చేది ఆ లెక్కే.

చర్చిలో బొమ్మ చూపించడం కొత్తేమీ కాదు. కరెంటు లేని రోజుల్లోనే మిషనరీలు గాజు పలకల మీద బొమ్మలు పెట్టి, దీపం వెలుగులో గుడ్డ మీద చూపించేవాళ్ళు. మన దగ్గరైతే 1978లో 'కరుణామయుడు' వచ్చింది. ఎ. భీమ్‌సింగ్ దర్శకత్వం, విజయచందర్ యేసుగా నటించారు. ఆ సినిమాని ఊరూరా తెల్లగుడ్డ కట్టి వేశారు. మీ తాతయ్యనో అమ్మమ్మనో అడిగి చూడండి, నేల మీద కూర్చుని చూసినవాళ్ళే ఉండొచ్చు.

ఇక్కడ ఒక తేడా గమనించండి. సినిమా చూడ్డానికి చదువు అక్కర్లేదు. కళ్ళుంటే చాలు. మనం ఇప్పుడు స్క్రీన్ మీద వేసేది బొమ్మ కాదు, అక్షరాలు. అంటే అందరినీ చదవమంటున్నాం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత సుమారు 67 శాతం, ఆడవాళ్ళలో సుమారు 59 శాతం. మన చర్చిల్లో ఎక్కువ కనబడేది ఎవరు? ఆడవాళ్ళే, అందులోనూ పెద్దవాళ్ళు. ఈ విషయం పక్కన పెట్టి ప్రొజెక్టర్ గురించి మాట్లాడితే సగం సంఘాన్ని బయట నిలబెట్టి మాట్లాడినట్టే.

మరి చదువు రానివాళ్ళు ఇన్నాళ్ళూ ఎలా పాడారు? పాట అందించేవాళ్ళు కాబట్టి. చరణం మధ్యలో ఊపిరి తీసుకునే ఆ చిన్న ఖాళీలో ముందున్న పెద్దాయన తర్వాతి లైను గబగబా చెప్పేసేవాడు, జనం అందుకుని పాడేవాళ్ళు. పుస్తకం లేనివాళ్ళు, కళ్ళజోడు మర్చిపోయినవాళ్ళు, చదవడం రానివాళ్ళు, అందరూ దాంతోనే పాడారు. స్క్రీన్ పెట్టగానే చాలా చోట్ల మొదట ఆగిపోయేది ఇదే. "స్క్రీన్ మీద ఉంది కదా, మళ్ళీ చెప్పడం ఎందుకు" అనుకుంటారు. అంతే, వెనక వరసలో ఓ పదిమంది గొంతులు మెల్లగా తగ్గిపోతాయి. వాళ్ళు ఫిర్యాదు చెయ్యరు. చప్పట్లు కొడతారు, పల్లవి వచ్చినప్పుడు కలుస్తారు, చరణం వచ్చినప్పుడు ఊరుకుంటారు.

కాబట్టి నా మొదటి మాట: స్క్రీన్ ఉన్నా సరే, పాట అందించడం మానొద్దు. ముఖ్యంగా కొత్త పాటకి. ఇది పాస్టర్ గారితోనూ పాట నడిపించేవాళ్ళతోనూ మాట్లాడి ఒప్పించాల్సిన విషయం. ప్రొజెక్టర్ అడగడానికి వెళ్ళినప్పుడే ఇదీ కలిపి అడగండి.

ఇప్పుడు స్లైడ్ దగ్గరికి వద్దాం. యూట్యూబ్‌లో దొరికే పాఠాలు దాదాపు అన్నీ ఇంగ్లీషు పాటల కోసం చేసినవి. అవి తెలుగుకి సరిగ్గా కుదరవు. మన అక్షరానికి పైన గుడి, దీర్ఘం ఉంటాయి, కింద వత్తులు వేలాడతాయి. 'స్తోత్రము' అని టైప్ చేసి చూడండి. పక్కపక్కనే ఉన్న రెండు అక్షరాల కింద ఒకదానికి త వత్తు, ఇంకోదానికి ర వత్తు ఉన్నాయి. ఇంగ్లీషుకి పెట్టినట్టు లైన్ల మధ్య దూరం తక్కువ పెడితే పై లైను వత్తులు కింది లైను గుడి మీద పడతాయి. ముందు వరసలో కూర్చున్నవాళ్ళు ఎలాగో చదువుతారు. వెనక్కి అది నల్లటి ముద్దలా కనబడుతుంది. అందుకే లైన్ల మధ్య దూరం ఒకటిన్నర దాకా పెంచండి. స్లైడ్‌కి నాలుగు లైన్లకి మించి వద్దు, మూడైతే ఇంకా మంచిది. ఎక్కువ టైప్ చేస్తే పవర్‌పాయింట్ తనంతట తానే అక్షరాల సైజు తగ్గించేస్తుంది. ఆ ఆటోఫిట్ ఆపెయ్యండి. లేకపోతే ఒక చరణం పెద్దగా, ఒక చరణం చీమల బారులాగా వస్తాయి.

ఫాంట్ విషయం. పెళ్ళి శుభలేఖల షాపులో చేయించిన ఫైళ్ళు ఎక్కువగా అను ఫాంట్లలో ఉంటాయి. అచ్చుకి అవి బాగుంటాయి. కాని అవి యూనికోడ్ కాదు. ఆ ఫాంట్ లేని లాప్‌టాప్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి పిచ్చి ఇంగ్లీషు గుర్తులు కనబడతాయి, అందులో పాట పేరు పెట్టి వెతకడమూ కుదరదు. కొత్తగా ఎక్కించే ప్రతి పాటా యూనికోడ్‌లోనే ఎక్కించండి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్, నోటో సాన్స్ తెలుగు, హింద్ గుంటూరు అన్నీ ఉచితమే. దూరం నుంచి చదవడానికి నోటో సాన్స్ బోల్డ్ నాకు బాగా నచ్చుతుంది. వంకర్లు ఎక్కువున్న ఫాంట్లు క్రిస్మస్ పోస్టరుకి దాచుకోండి. ఇంకో చోట ప్లే చెయ్యాలంటే పవర్‌పాయింట్ ఆప్షన్స్‌లో సేవ్ అనే చోట ఫాంట్‌ని ఫైల్‌లోనే కలిపే ఏర్పాటు ఉంది, అది టిక్ పెట్టుకోండి.

లైను ఎక్కడ విరగ్గొట్టాలి? స్క్రీన్ అయిపోయిన చోట కాదు, పాడేవాళ్ళు ఊపిరి తీసుకునే చోట. మన పాటల్లో సమాసాలు పొడుగ్గా ఉంటాయి. సగం పదం ఒక లైన్లో, మిగతా సగం తర్వాతి లైన్లో పడిందంటే పాడేవాడు అక్కడ తడబడక తప్పదు. పాట తెలియకుండా టైప్ చేస్తే ఇది పట్టుకోలేం. పాడుకుంటూ టైప్ చెయ్యండి, అంతే.

పల్లవి సంగతి ఇంకా ముఖ్యం. పంతొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారి లాంటివాళ్ళు రాసిన కీర్తనల నుంచి ఈ మధ్య వచ్చిన పాటల దాకా మన పాటకి పల్లవి, చరణాలు అన్న కట్టడం ఉంది. పాటల పుస్తకంలో చరణం అయ్యాక పల్లవి మొత్తం మళ్ళీ అచ్చెయ్యరు. మొదటి మాట ఒక్కటి రెండు నిలువు గీతల మధ్య పెట్టి వదిలేస్తారు. పుస్తకంలో అది చాలు, పాడేవాడి కన్ను పేజీ పైకి వెళ్ళి వస్తుంది. స్క్రీన్‌కి పై పేజీ ఉండదు కదా! పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు కాపీ చేస్తే, చరణం అయ్యాక ఆ ఒక్క మాట చూస్తూ కొత్తవాళ్ళు తెల్లమొహం వేస్తారు. ప్రతి చరణం తర్వాతా పల్లవి స్లైడ్ పూర్తిగా రావాలి.

ఓపెన్ ఎల్‌పీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో పల్లవి ఒక్కసారి టైప్ చేసి, వరస క్రమం చెప్తే చాలు, చరణం చరణానికీ అదే వస్తుంది. ఈజీవర్షిప్, ప్రోప్రెజెంటర్ లాంటివి డబ్బు కట్టి కొనేవి. చిన్న సంఘానికి వాటి అవసరం నాకైతే కనబడదు. పవర్‌పాయింటే వాడేవాళ్ళకి రెండు కిటుకులు. స్లైడ్ షో నడుస్తుండగా స్లైడ్ నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా అక్కడికి వెళ్తుంది. పాట నడిపించే అక్క అనుకోకుండా మళ్ళీ రెండో చరణం ఎత్తుకుంటే, పది స్లైడ్లు అందరి ముందూ వెనక్కి తిప్పక్కర్లేదు. ఒక కాగితం మీద నంబర్లు రాసుకుని పక్కన పెట్టుకోండి. రెండోది, 'బి' నొక్కితే స్క్రీన్ నల్లగా అయిపోతుంది, మళ్ళీ నొక్కితే తిరిగి వస్తుంది. ప్రార్థన మొదలవగానే అది నొక్కండి. కళ్ళు మూసుకోమన్నప్పుడు వెనక జలపాతం ఎందుకు?

జలపాతం అన్నాను కాబట్టి చెప్తున్నా, కదిలే బ్యాక్‌గ్రౌండ్లు నాకు నచ్చవు. ఎగిరే పావురాల మీద తెల్ల అక్షరాలు పెడితే పావురం అక్షరం వెనకకి వచ్చినప్పుడల్లా ఆ అక్షరం మాయమవుతుంది. ముదురు నీలం, పైన తెల్ల అక్షరాలు. బోర్ కొట్టినా చదవగలం.

స్లైడ్ మార్చే సమయం కూడా ఒక విద్యే. చివరి లైను పాడటం అయిపోయాక మారిస్తే అప్పటికే ఆలస్యం. చివరి మాట నోట్లోకి వస్తుండగా మార్చాలి, ఎందుకంటే జనం పాడేముందు చదవాలి. దీనికి మీరూ పాడుతూ ఉండాలి. లాప్‌టాప్ దగ్గర కూర్చుని ఫోన్లో రీల్స్ చూసేవాళ్ళకి ఇది కుదరదు. తలుపు వెనక గదిలో కాకుండా, పాట వినబడే చోట, జనం మొహాలు కనబడే చోట కూర్చోండి.

ఇప్పుడు కొనే సంగతి. టేప్ తీసుకుని గది కొలవండి. పాతకాలం నుంచి వాడే ఒక లెక్క ఉంది: చివరి వరస, స్క్రీన్ ఎత్తుకి ఆరు రెట్లకి మించి దూరం ఉండకూడదు. 8 అడుగుల వెడల్పు బొమ్మకి ఎత్తు నాలుగున్నర అడుగులు, అంటే సుమారు 27 అడుగుల దాకా బాగుంటుంది. 55 అంగుళాల టీవీ ఎత్తు సుమారు 27 అంగుళాలే, కాబట్టి 13, 14 అడుగుల గదికి సరిపోతుంది. ఇంట్లో జరిగే చిన్న కూడికకి ప్రొజెక్టర్ కంటే టీవీయే నయం, పగటి వెలుగులో కూడా కనబడుతుంది.

మీ హాలు అంతకంటే పొడుగైతే అక్షరం పెద్దది చెయ్యాలి. ఎంత పెద్దది? మీ ఫోనే చెప్తుంది. 40 అడుగుల హాల్లో నాలుగున్నర అడుగుల ఎత్తు స్క్రీన్ ఉందనుకోండి, చివరి వరస సుమారు తొమ్మిది రెట్లు దూరం. ఫోన్ అడ్డంగా తిప్పితే దాని ఎత్తు సుమారు 7 సెంటీమీటర్లు. తొమ్మిది రెట్లు అంటే 63 సెంటీమీటర్లు, రెండడుగుల పైచిలుకు. స్లైడ్‌ని ఫోన్లో నిండుగా తెరిచి, అంత దూరంలో టేబుల్ మీద నిలబెట్టి చదవండి. వెనక వరసకి అక్షరం కనబడే సైజు సరిగ్గా అంతే. మీరు చదివాక మీ అమ్మమ్మని చదవమనండి. ఆవిడ చదివితే పాసైనట్టు.

ప్రొజెక్టర్ డబ్బా మీద వేలకి వేలు ల్యూమెన్లు రాస్తారు. అందులో ఆన్సీ ల్యూమెన్లు ఎన్నో చూడండి. తక్కువ ధర మినీ ప్రొజెక్టర్ల మీద వేసే పెద్ద అంకెలు చాలావరకు ఆ లెక్క కావు. లైట్లు వేసి ఉండే మామూలు హాలుకి 3000 నుంచి 4000 ఆన్సీ కావాలి. త్రో రేషియో 1.5 అని ఉంటే 8 అడుగుల వెడల్పు బొమ్మకి 12 అడుగుల దూరం కావాలి. ఇంకో సంగతి, ప్రొజెక్టర్ నలుపుని వెయ్యలేదు. నలుపు అంటే అక్కడ వెలుగు పడకపోవడమే. పొద్దున పదింటికి కిటికీలోంచి ఎండ గోడ మీద పడుతుంటే ఎంత ఖరీదైనది పెట్టినా బూడిద రంగే. కానుకల డబ్బుతో కొనేముందు ఒక ముదురు కర్టెన్ కుట్టించి చూడండి.

స్క్రీన్ కింది అంచు ఎంత ఎత్తులో ఉండాలో కూర్చుని చూసి తేల్చొద్దు. పాటలప్పుడు అందరూ నిలబడతారు! ముందు వరసలో ఇద్దర్ని నిలబెట్టి, చివర మీరు నిలబడి చూడండి. కింది లైను కనబడాలి. ప్రసంగం చెప్పే అయ్యగారి కళ్ళలోకి వెలుగు కొట్టకూడదు. హెచ్‌డీఎంఐ వైరు 50 అడుగులు దాటితే మామూలు వైరు మొరాయిస్తుంది, ఫైబర్ వైరో క్యాట్ సిక్స్ ఎక్స్‌టెండరో తీసుకోండి. బల్బు ప్రొజెక్టర్‌కి కరెంటు ఒక్కసారిగా పోతే లోపల ఫ్యాన్ తిరక్క వేడి తగ్గదు. యూపీఎస్ పెట్టండి, పాటల పుస్తకాలు మాత్రం పారెయ్యకండి.

కాపీరైట్ గురించి క్లుప్తంగా. మన 1957 చట్టం 52వ సెక్షన్‌లో నిజమైన మత కార్యక్రమంలో పాట పాడటానికి మినహాయింపు ఉంది. అదే ఆరాధనని మీరు రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడితే అది వేరే సంగతి. వేరొకరి ట్రాక్, వేరొకరి వీడియో వాడేముందు అడగండి.

చివరిగా, తెలుగు మాట్లాడతారు కాని చదవలేరు అనే పిల్లలు. డల్లాస్‌లోని తెలుగు సంఘంలోనే కాదు, హైదరాబాద్‌లో ఇంగ్లీషు మీడియం పిల్లలూ ఇంతే. వీళ్ళకోసం తెలుగు లైను కింద అదే లైను ఇంగ్లీషు అక్షరాల్లో వెయ్యొచ్చు. అప్పుడు స్లైడ్‌కి పాట రెండు లైన్లే పడుతుంది, స్లైడ్లు రెట్టింపవుతాయి, మార్చేవాళ్ళకి పని పెరుగుతుంది. పెరగనివ్వండి. కాని పాట అందించే పెద్దాయన ఉంటే ఈ పిల్లలకీ ఆయనే పనికొస్తారు. చదవలేని అమ్మమ్మా, చదవలేని మనవడూ ఒకే గొంతు విని అందుకుంటారు.

వచ్చే ఎపిసోడ్‌లో మైకులు, ఆ కుయ్‌మనే సౌండ్ ఎందుకొస్తుందో మాట్లాడుకుందాం. ఉంటానండి.