ఇసుక కింది మూడో నీరు

అనంతపురం జిల్లా బొమ్మనహాళ్, కణేకల్లు మండలాల్లో హగరి ఒడ్డున నిలబడితే రాజస్థాన్ వచ్చేశామా అనిపిస్తుంది. ఎండిన ఏటి ఇసుకను గాలి ఎత్తుకొచ్చి పొలాల మీద పోస్తుంది. ఈదురుగాలుల నెలల్లో దిబ్బలు కదులుతాయి, గట్లు మునిగిపోతాయి. అయినా అది ఎడారి కాదు. ఆ జిల్లాలో ఏడాదికి సగటున 500 మిల్లీమీటర్ల పైనే వాన పడుతుంది. మామూలు లెక్కలో 250 లోపు పడేచోటే ఎడారి. ఇక ప్రపంచంలోకెల్లా పెద్ద ఎడారికి వెళ్తే అక్కడ దిబ్బల ఊసే ఉండదు. అది అంటార్కిటికా, దాదాపు కోటీ నలభై లక్షల చదరపు కిలోమీటర్ల మంచు. సహారాలో కూడా ఇసుక నాలుగో వంతుకి మించదు. మిగతాదంతా రాతి పీఠభూములు, గులకరాళ్ల మైదానాలు.

అందుకే నచ్చిన ఎడారి ఏదని ఎవరైనా అడిగితే నేను దిబ్బల ఎత్తు చూడను, జమాఖర్చులు చూస్తాను. జైసల్మేర్‌లో ఏడాది వాన 200 మిల్లీమీటర్లు కూడా ఉండదు. అక్కడి ఎండకీ గాలికీ నీళ్లు అందుతూ ఉండాలే గానీ, ఏడాదిలో 2000 మిల్లీమీటర్ల దాకా ఆవిరి చేసేస్తాయి. రాబడి రూపాయి, ఖర్చు పది రూపాయలు. ఇలాంటి సంసారాన్ని ఏ ఎడారి ఎలా ఈదుకొస్తోంది? నా పోటీ అంతా దీని మీదే. అంటార్కిటికాను ముందే పక్కన పెట్టేస్తున్నాను. ఆస్తంతా ఫిక్స్‌డ్ డిపాజిట్లో ఇరుక్కున్న కోటీశ్వరుడి కథ అది.

సహారా కరువుకి మూలం భూమధ్యరేఖ దగ్గర ఉంది. అక్కడ వేడెక్కిన గాలి పైకి లేచి, తన తేమనంతా అక్కడే కుమ్మరించి, ఉత్తరానికీ దక్షిణానికీ సాగి 30 డిగ్రీల అక్షాంశాల చుట్టుపక్కల కిందికి దిగుతుంది. దిగేకొద్దీ నొక్కుకుపోయి వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొడుతుంటే గొట్టం వేడెక్కడం తెలుసు కదా, అదే సంగతి. వేడెక్కే గాలిలో మబ్బు నిలవదు. అరేబియా, ఆస్ట్రేలియా ఎడారులకూ ఇదే కారణం. కానీ భూమి అక్షం బొంగరంలా తల తిప్పుతూ ఉంటుంది కాబట్టి ఈ ఏర్పాటు శాశ్వతం కాదు. సుమారు 11,000 ఏళ్ల నుంచి 5,000 ఏళ్ల క్రితం దాకా సహారాలో వానలు పడ్డాయి, చెరువులు నిండాయి. అల్జీరియాలోని తస్సిలీ కొండరాళ్ల మీద ఆనాటి పశువుల మందలు బొమ్మలై ఇంకా ఉన్నాయి. ఆ చెరువుల్లో ఒకదాని అడుగు మట్టి ఇప్పటికీ చాద్ దేశంలోని బోదేలే పల్లం నుంచి దుమ్ముగా లేచి అట్లాంటిక్ దాటుతోంది. సహారా దుమ్ము వల్ల అమెజాన్ అడవికి ఏటా సుమారు 22,000 టన్నుల భాస్వరం అందుతోందని అంచనా. గొప్ప దానమే. కానీ అదంతా తాతల నాటి ఆస్తి.

చిలీలోని అటకామా మరో రకం. పక్కనే పసిఫిక్ మహాసముద్రం ఉన్నా వాన రాదు. తీరం వెంట పారే హంబోల్ట్ ప్రవాహం చల్లనిది. దాని మీది గాలి చల్లబడి బరువుగా కిందే ఉండిపోతుంది, వాన మబ్బుగా ఎదగదు. తూర్పు నుంచి వచ్చే తేమను ఆండీస్ కొండలు అడ్డుకుంటాయి. ఆరికా పట్నంలో 1903 నుంచి 1918 దాకా పద్నాలుగేళ్లకు పైగా వాన నమోదు కాలేదు. అంత పొడి ఆకాశం కనకే అక్కడ 5,000 మీటర్ల ఎత్తున 66 యాంటెన్నాల అల్మా టెలిస్కోపు కొలువుదీరింది. ఈ ఎడారిలో నన్ను ఆపేసిన సంగతి ఇంకొకటి. దాని నడిబొడ్డున 2015లోనూ 2017లోనూ అనుకోని వానలు కురిసి గుంటలు నిండాయి. పచ్చదనం పుట్టుకొస్తుందని ఎవరైనా అనుకుంటారు. జరిగింది వేరు. ఎండకే అలవాటు పడిన సూక్ష్మజీవుల జాతులు చాలావరకు చచ్చిపోయాయి. ఉప్పుతో బతికిన కణాల్లోకి మంచినీరు ఒక్కసారిగా చొరబడితే అవి తట్టుకోలేవు. అటకామాకి దణ్ణం పెడతాను, ఓటు మాత్రం వెయ్యను.

అందాల పోటీ అయితే ఆఫ్రికా పడమటి తీరాన ఉన్న నామీబ్‌ది తిరుగులేని గెలుపు. ప్రపంచంలో అతి పాత ఎడారుల్లో ఒకటి. దాని ఇసుక ప్రయాణమే ఒక కథ. దక్షిణాఫ్రికా తూర్పు కొండల్లో రాయి అరిగి, ఆరెంజ్ నదిలో కొట్టుకొచ్చి, సముద్రంలో పడి, తీరప్రవాహంతో ఉత్తరానికి జరిగి, గాలికి మళ్లీ ఒడ్డెక్కి దిబ్బలవుతుంది. ఇసుక రేణువు చుట్టూ ఉన్న ఇనుము తుప్పే ఆ దిబ్బల ఎరుపు. లోపలికి పోయేకొద్దీ ఎరుపు ముదురుతుంది. డెడ్‌వ్లే అనే చోట ఆరేడు వందల ఏళ్ల క్రితం చచ్చిన తుమ్మజాతి చెట్లు ఇంకా నిలబడే ఉన్నాయి, కుళ్లడానికి కూడా తడి చాలక. ఇక్కడ వాన బదులు పొగమంచు వస్తుంది. తీరంలో ఏడాదికి వంద రోజులకు పైగా కమ్ముతుంది. తెల్లవారుజామున ఓ నల్లని పెంకుపురుగు దిబ్బ కొసకెక్కి, తల కిందికి వంచి, వెనకభాగం ఎత్తి గాలికి ఎదురు నిలబడుతుంది. మంచు తుంపరలు వీపున బొట్లుగా కూడి జారి నోటికి చేరతాయి. అలా నిలబడి ఒక్కో పురుగు తన బరువులో మూడో వంతు దాకా నీరు తాగిన సందర్భాలున్నాయని 1976లో తూచి చెప్పారు. సముద్రం మీద అప్పు చేసి బతికే సంసారం ఇది.

నా ఓటు థార్‌కి.

ఇంటి ఎడారి కనక మొగ్గు చూపుతున్నానని మీరు అనుకోవచ్చు. కొంత నిజమే, చుట్టరికం కూడా ఉంది. దసరాకి మనం పూజించే జమ్మిచెట్టే అక్కడ ఖేజ్డీ. తెలంగాణకూ రాజస్థాన్‌కూ రాష్ట్రవృక్షం అదే. గల్ఫ్‌కి పోయిన మనవాళ్లకి గాఫ్ పేరుతో కనబడేదీ అదే, ఎమిరేట్స్‌కి అది జాతీయ వృక్షం. వేరు ఇరవై మీటర్లు దాటి దిగుతుంది. అందుకే అన్నీ మాడిపోయే వేసవిలో అది కొత్త ఆకు వేస్తుంది. దాని నీడన సజ్జ చేను పెరుగుతుంది, లేత కాయలు కూరకొస్తాయి.

అయితే ఓటుకి అసలు కారణం జమ్మి కాదు. జైసల్మేర్ దగ్గర పర్యాటకులు ఒంటెలెక్కే సమ్ దిబ్బలూ కాదు. చూరు, బికానేర్, జైసల్మేర్, బాడ్‌మేర్ జిల్లాల్లో కొన్నిచోట్ల ఇసుక కింద జిప్సం పట్టీ పరుచుకుని ఉంది. ఆ పట్టీ మీది బయళ్లే నాకు నచ్చిన ఎడారి.

రుతుపవనాలు థార్ పడమటి కొసకు దేశంలో అందరికన్నా చివర వస్తాయి, అందరికన్నా ముందు వెళ్లిపోతాయి. ఉన్న కొద్ది రోజుల్లో పడ్డది పడ్డట్టు ఇసుక తాగేస్తుంది. అక్కడివాళ్లు నీటిని మూడుగా లెక్కపెడతారు. వానగా పడి గుంటల్లో నిలిచేది పాలర్ పానీ. అడుగున వందల అడుగుల లోతున, చాలాచోట్ల ఉప్పగా ఉండేది పాతాళ్ పానీ. ఈ రెండిటికీ మధ్య, జిప్సం అడ్డుపడడంతో కిందికి ఇంకలేక ఇసుకలోనే చెమ్మగా ఉండిపోయేది రేజాణీ పానీ. ఈ సంగతుల్ని అనుపమ్ మిశ్ర 1995లో 'రాజస్థాన్ కీ రజత్ బూందేఁ' అనే పుస్తకంలో రాశారు. నీళ్ల గురించి మాట్లాడే వాళ్లందరూ చదవాల్సిన పుస్తకం.

ఆ చెమ్మ ఎండకి ఎందుకు ఎగిరిపోదు? మన నల్లరేగడిని గుర్తు చేసుకోండి. తడిస్తే ముద్దవుతుంది, ఎండితే కాలు పట్టేంత నెర్రెలిస్తుంది. ఆ నెర్రెల్లోంచే లోపలి తేమ కూడా ఆవిరైపోతుంది. ఇసుక రేణువులు ఒకదానికొకటి అంటుకోవు, కాబట్టి నెర్రె పడదు. పై నాలుగు వేళ్ల ఇసుక ఎండిపోగానే కింది నీటిని పైకి పీల్చే సన్నదారులు తెగిపోతాయి. ఎండిన ఇసుకే తడి ఇసుకకి మూత. రాయలసీమ రైతు వాన వెలిశాక గుంటక తోలి పైమట్టిని పొడి చేసేది కూడా ఈ మూత కోసమే. థార్‌లో గుంటక తోలే పని గాలి చేసిపెడుతుంది.

ఆ చెమ్మను అందుకునే బావి పేరు కుంయీ. ఏటి ఇసుకలో తీసే మన చెలమకి దగ్గరి చుట్టం, కాకపోతే కింద ఏరు లేదు. నాలుగైదు మూరల వెడల్పు, ముప్ఫై నుంచి అరవై మూరల లోతు. గునపం ఎత్తేంత చోటు ఉండదు గనక తవ్వే చేజారో బసౌలీ అనే పొట్టిపిడి పనిముట్టుతో కూర్చుని తవ్వుతాడు. పైనుంచి రాయో బొక్కెనో పడితే కాసుకోవడానికి నెత్తిన లోహపు టోపీ. లోపల ఊపిరాడని ఉక్క. పైనున్నవాళ్లు ఉండుండి గుప్పెడు ఇసుకను విసురుగా లోపలికి వేస్తారు, దాంతోపాటు చల్లగాలి కొంత దిగి, వేడిగాలి పైకి లేస్తుంది. ఇసుక గోడ కూలకుండా ఖీంప్ అనే గడ్డితో మోకు పేని, అడుగు నుంచి పై దాకా పాము చుట్టల్లా చుట్టుకుంటూ వస్తారు.

ఇంతా చేస్తే దొరికేది రోజుకి రెండు మూడు బిందెలు. బావి ఇరుకుగా ఉండడానికి కారణం అదే. బొట్టుబొట్టుగా ఊరిన నీరు వెడల్పు గోతిలో పలచగా పరుచుకుంటే బొక్కెన మునగదు, ఆవిరి కూడా ఎక్కువ. ఇరుకులో అయితే అదే నీరు లోతుగా నిలుస్తుంది. కాలువలూ పైపులూ వచ్చాక చాలా ఊళ్లకి వీటి అవసరం తగ్గింది, అది సంతోషమే.

కుంయీ ఎవరిది వారిదే, నేల మాత్రం ఊరిది. ఆ ఏటి వానే చుట్టుపక్కల ఇసుక మొత్తానికి పెట్టుబడి. కొత్త కుంయీ తవ్వినంత మాత్రాన కొత్త నీరు పుట్టదు, ఉన్న చెమ్మకే మరో వాటాదారు చేరతాడు. అందుకే ఊరు ఒప్పుకోనిదే తవ్వరు. సాయంత్రం అందరూ ఒక్కసారే వచ్చి తోడుకుంటారు, గిలకలు మోగుతాయి, ఆపైన మూతలు దించి తాళాలు వేస్తారు. ఫొటో తీస్తే చదునైన బీడు, ఒక చెక్క మూత, దానికో తాళంకప్ప. నామీబ్ ఎర్రదిబ్బలు ఏటా ఎన్ని క్యాలెండర్లకి ఎక్కుతాయో గానీ దీన్ని ఎవరూ అచ్చు వెయ్యరు. వేస్తే మా గోడకి తగిలించుకునేది అదే.