పాఠం 17: డాక్టరు ‘వద్దు’ అన్నప్పుడు

17.1 పరిచయం

లాల్‌ఖదాన్‌లో గాని, బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో గాని ఉండే తెలుగు కుటుంబాలకు ‘ఫిట్’, ‘అన్‌ఫిట్’ అనే మాటలు కొత్తవి కావు. ఇంట్లో ఒకరు రైల్వేలో పనిచేస్తూ ఉంటే పిల్లలకు కూడా ఇవి అలవాటవుతాయి. నాన్నగారికి జబ్బు చేస్తే ‘సిక్‌లో ఉన్నారు’ అంటారు. తగ్గిన తరువాత రైల్వే డాక్టరు ఫిట్ సర్టిఫికెట్ ఇస్తేనే ఆయన తిరిగి డ్యూటీలో చేరతారు.

ఆ కాగితం చిన్నదే. కాని దానిమీద డాక్టరు సంతకం ఉంటుంది. ‘ఈ మనిషిని నేను పరీక్షించాను, ఇతడు ఈ పని చేయగలడు’ అని ఆ సంతకానికి అర్థం. ఆ మాట నిజమనే నమ్మకం మీదనే దాని విలువ ఆధారపడి ఉంది.

మరి ‘త్వరగా ఫిట్ ఇవ్వండి’ అని అడిగే పెద్దల చేతిలోనే ఆ డాక్టరు ఉద్యోగం కూడా ఉంటే? అప్పుడు ఆ సంతకం ఎంతవరకు నిలుస్తుంది? అమెరికాలో ఒక కాలేజీ జట్టు డాక్టరు ఈ ప్రశ్నతోనే కోర్టుకు వెళ్లారు. ఈ పాఠంలో ఆ కేసును గురించి తెలుసుకొందాం. దానినుంచి మన ఇంటికి, మన పనికి పనికివచ్చే సంగతులు కూడా గ్రహిద్దాం.

17.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- గాయపడిన ఆటగాడు ఎప్పుడు తిరిగి ఆడవచ్చునో డాక్టరే ఎందుకు నిర్ణయించాలో చెప్పగలుగుతారు.
- పెన్ స్టేట్ డాక్టరు కేసులో ఏం జరిగిందో వివరించగలుగుతారు.
- ఆరోపణకు, కోర్టు తీర్పుకు ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.
- ఫిట్ సర్టిఫికెట్ విషయంలో మీ బాధ్యతలను, హక్కులను తెలుసుకొంటారు.

17.3 ఒక ఉదాహరణ

ఒక సన్నివేశం ఊహించుకోండి. మీ వీధిలోని ఒక అమ్మాయి కాలేజీ కబడ్డీ జట్టులో ఆడుతున్నది. సెమీఫైనల్లో ఆమె మోకాలు మెలికపడింది. వాపు వచ్చింది. ఎల్లుండి ఫైనల్. కోచ్ ఆమెను డాక్టరు దగ్గరకు తీసుకొని వెళ్లి, “ఒక్క మ్యాచే కదండీ డాక్టరుగారూ! కట్టు గట్టిగా కట్టి పంపించండి. తరువాత ఎన్నాళ్లయినా విశ్రాంతి తీసుకొంటుంది” అన్నాడు. అమ్మాయి కూడా, “నాకేం నొప్పి లేదండీ, ఆడతాను” అన్నది.

ఇక్కడ ఎవరూ చెడ్డవారు కారు. కోచ్‌కు జట్టు గెలవాలి. ఆ గెలుపు మీదనే అతని పేరు, కొన్నిసార్లు అతని ఉద్యోగం ఆధారపడి ఉంటాయి. అమ్మాయికి స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం మీద ఆశ ఉన్నది. ఆడకపోతే ఆ స్థానం వేరొకరికి పోతుందని భయం. ఇద్దరి చూపూ ఎల్లుండి మీదనే ఉంది. ఆమె మరో నలభై ఏళ్లు ఆ మోకాలితోనే నడవాలనే విషయం గుర్తుంచుకోవలసినవాడు ఆ గదిలో డాక్టరు ఒక్కడే. అందుకే నిర్ణయం డాక్టరుకు వదలాలి.

17.4 గాయం ఎప్పుడూ పైకి కనబడదు

‘నొప్పి లేకపోతే గాయం తగ్గినట్లే’ అని చాలామంది అనుకొంటారు. ఇది నిజం కాదు. ఈ మూడు ఉదాహరణలు గమనించండి.

పి.వి. సింధు 2022 ఆగస్టు 8న బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడల్లో బంగారు పతకం గెలిచారు. ఆమె ఎడమ కాలికి గాయమైందని, ఎముకలో సన్నని పగులు ఏర్పడిందని అదే నెలలో తెలిసింది. ఆమె ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీలనుంచి తప్పుకొన్నారు. తిరిగి పోటీలో దిగింది 2023 జనవరిలోనే.

పుల్లెల గోపీచంద్‌కు 1994లో మోకాలికి పెద్ద గాయమైంది. శస్త్రచికిత్సలు చేయవలసి వచ్చింది. ఓపికగా కోలుకొని ఆయన 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ సాధించారు. మోకాలి లోపలి ముఖ్యమైన లిగమెంటు తెగితే, ఆపరేషన్ తరువాత పోటీల్లోకి రావడానికి సాధారణంగా తొమ్మిది నెలలో అంతకు మించో పడుతుంది. నడక అంతకు చాలా ముందే మామూలుగా కనిపిస్తుంది. మోసపోయేది అక్కడే.

మూడవది తలకు తగిలే దెబ్బ. 2019 ఆగస్టులో లార్డ్స్ టెస్టులో స్టీవ్ స్మిత్‌కు బంతి మెడమీద బలంగా తగిలింది. పరీక్షలు చేసిన తరువాత ఆయన మళ్లీ వచ్చి బ్యాటింగ్ చేశాడు. మర్నాటికి గాని మెదడు అదిరిన లక్షణాలు బయటపడలేదు. అప్పుడు ఆయన్ను ఆటనుంచి తప్పించి మార్నస్ లబుషేన్‌ను దింపారు. ఇటువంటి దెబ్బ తగిలినవారికి బదులు మరొకరిని ఆడించే నియమం టెస్టుల్లో అప్పుడే కొత్తగా వచ్చింది.

లోపలి గాయాన్ని కొలవడానికి ఆటగాడి ఉత్సాహం చాలదు, కోచ్ అనుభవమూ చాలదు. దానికి వైద్యపరీక్ష కావాలి.

పాఠగత ప్రశ్నలు 1
(అ) నొప్పి తగ్గడం, గాయం మానడం ఒకటేనా?
(ఆ) తలకు దెబ్బ తగిలినవారిని ఆ తరువాత కూడా ఎందుకు గమనిస్తూ ఉండాలి?

17.5 పెన్ స్టేట్ డాక్టరు కేసు

అమెరికాలో కాలేజీ ఆటలు పెద్ద వ్యాపారం. అక్కడ ఫుట్‌బాల్ అంటే మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. ఒకరినొకరు ఢీకొని పడగొట్టే ఆట అది. గాయాలు ఎక్కువ. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం ఈ ఆటకు పేరుపొందింది.

డాక్టర్ స్కాట్ లించ్ ఎముకల శస్త్రవైద్యులు. పెన్ స్టేట్ హెల్త్ అనే ఆసుపత్రుల సంస్థలో పనిచేస్తూ, విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టుకు వైద్యునిగా కూడా ఉండేవారు. 2019 మార్చిలో ఆయనను జట్టు బాధ్యతలనుంచి తొలగించారు. అదే సంవత్సరం ఆగస్టులో ఆయన దావా వేశారు.

ఆయన ఆరోపణ ఇది. అప్పటి ప్రధాన కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్ వైద్య నిర్ణయాల్లో జోక్యం చేసుకొన్నారు. గాయపడిన ఆటగాళ్లను త్వరగా ఆటలోకి పంపమని ఒత్తిడి తెచ్చారు. తాను ఒప్పుకోకుండా ఈ విషయాన్ని పైవారికి తెలియజేసినందుకే తనను తప్పించారు.

ఒత్తిడి ఒకవైపే ఉండదని కూడా విచారణలో చెప్పిన సాక్ష్యం వల్ల తెలుస్తుంది. ఒక ఆటగాణ్ణి వైద్యపరంగా ఆటకు పనికిరాడని ప్రకటించమని కూడా కోచ్ కోరినట్లు సాక్ష్యం వచ్చింది. అట్లా ప్రకటిస్తే జట్టులో ఆ ఉపకారవేతన స్థానం ఖాళీ అవుతుంది, దాన్ని మరొకరికి ఇవ్వవచ్చు. కావలసినవాడికి ‘ఫిట్’, అక్కరలేనివాడికి ‘అన్‌ఫిట్’ అని రాయవలసి వస్తే, ఆ సర్టిఫికెట్ వైద్యానికి కాక జట్టు అవసరాలకు పనిచేసినట్లవుతుంది.

రెండవ పక్షం ఈ ఆరోపణలను ఒప్పుకోలేదు. విశ్వవిద్యాలయం వాటిని మొదటే తోసిపుచ్చింది. డాక్టర్ లించ్ పనిచేసే హెర్షీ పట్టణం జట్టు ఉండే ఊరికి దాదాపు నూరు మైళ్ల దూరం. స్థానికంగా ఉండే వైద్యుడు కావాలనే మార్పు చేశామని ప్రతివాదులు వాదించారు.

17.6 తీర్పును ఎట్లా అర్థం చేసుకోవాలి?

విచారణకు ముందే కోచ్‌ను, విశ్వవిద్యాలయాన్ని కేసునుంచి తొలగించారు. పెన్ స్టేట్ హెల్త్ మీద విచారణ సాగింది. 2024 మే 29న జూరీ డాక్టర్ లించ్‌కు అనుకూలంగా తీర్పు చెప్పింది. జూరీ అంటే న్యాయమూర్తి సమక్షంలో కేసు విని నిర్ణయం చెప్పే మామూలు పౌరుల బృందం. ఆయనకు 52 లక్షల 50 వేల డాలర్లు చెల్లించాలని ఆ జూరీ తేల్చింది. అప్పటి లెక్కలో ఇది 43 కోట్ల రూపాయలకు పైమాటే.

ఈ మొత్తంలో రెండు భాగాలున్నాయి. రెండున్నర లక్షల డాలర్లు డాక్టరుకు కలిగిన నష్టానికి పరిహారం. మిగిలిన 50 లక్షలు శిక్షగా విధించినది. ఇటువంటి పని మళ్లీ జరగకూడదని హెచ్చరించడానికే శిక్షా పరిహారం ఉన్నది.

ఒక సంగతి జాగ్రత్తగా గమనించండి. కోచ్ దోషి అని ఈ తీర్పు చెప్పలేదు. తీర్పు వచ్చేనాటికి ఆయన ప్రతివాదిగా లేడు. తీర్పు ఆసుపత్రుల సంస్థ మీద. వార్త చదివేటప్పుడు ‘ఆరోపించారు’, ‘సాక్ష్యం చెప్పారు’, ‘కోర్టు తేల్చింది’ అనే మూడు మాటలను వేరుచేసి చదవడం అలవాటు చేసుకోండి.

మరొక సంగతి. జట్టు వైద్యుల నిర్ణయాన్ని కోచ్‌లు ప్రశ్నించరాదని అమెరికా పెద్ద కాలేజీల క్రీడల్లో 2016లోనే నియమం చేశారు. నియమం ఉండి కూడా ఈ గొడవ వచ్చింది. కాగితం మీద అధికారం ఇచ్చి, ఉద్యోగం మాత్రం ఇతరుల చేతిలో ఉంచితే ఆ అధికారం బలహీనమవుతుంది.

ఇటువంటిది ఇంగ్లండులోనూ జరిగింది. 2015 ఆగస్టులో చెల్సీ జట్టు డాక్టరు ఎవా కార్నెరో, రిఫరీ పిలిచిన మీదట గాయపడిన ఆటగాడికి చికిత్స చేయడానికి మైదానంలోకి వెళ్లారు. దానివల్ల జట్టుకు ఆ సమయంలో ఒక ఆటగాడు తగ్గాడు. మేనేజరు జోసె మౌరిన్యో ఆమెను బహిరంగంగా విమర్శించారు. ఆమె క్లబ్బును వదిలి కేసు వేశారు. 2016 జూన్‌లో రాజీ కుదిరింది. క్లబ్బు ఆమెకు క్షమాపణ చెప్పింది.

పాఠగత ప్రశ్నలు 2
(అ) 2024 తీర్పు ఎవరిమీద వచ్చింది?
(ఆ) శిక్షా పరిహారం ఉద్దేశం ఏమిటి?

17.7 మన ఊళ్లో, మన పనిలో

ఇదంతా దూరదేశపు సంగతి అనిపించవచ్చు. కాని లాల్‌ఖదాన్ వాసులకు ఇది దూరం కాదు. 2025 నవంబరు 4న ఇక్కడికి దగ్గరలోనే గేవ్రా రోడ్–బిలాస్‌పూర్ మెమూ బండి, ఆగి ఉన్న గూడ్సు బండిని ఢీకొన్నది. పదిమందికి పైగా మరణించారు. బండి నడపడానికి అవసరమైన మానసిక సామర్థ్య పరీక్షలో లోకో పైలట్ ఉత్తీర్ణులు కాలేదని, అయినా ఆ డ్యూటీ వేశారని రైల్వే భద్రతా కమిషనరు ప్రాథమిక నివేదికలో ఉన్నట్లు పత్రికలు రాశాయి. ఆ లోకో పైలట్ కూడా ప్రమాదంలో చనిపోయారు. ఆయనను నిందించడం మన పని కాదు. ‘ఇంకా కాదు’ అని ఒక పరీక్ష చెప్పినప్పుడు, ఆ మాట వినే ఏర్పాటు ఉండాలి. మనం నేర్చుకోవలసింది ఇదే.

రైల్వేలో ఉద్యోగాన్నిబట్టి వైద్య తరగతులున్నాయి. లోకో పైలట్లకు అన్నిటికంటె కఠినమైన ఎ-1 తరగతి. చూపు తగ్గినా, రంగులు సరిగా గుర్తించలేకపోయినా ఆ తరగతికి అనర్హులవుతారు. దీన్నే మనవాళ్లు ‘మెడికల్ డీకేటగరైజ్ అయ్యాడు’ అంటారు. ‘అన్‌ఫిట్ అంటే ఉద్యోగం పోయినట్లే’ అనే భయంతో కొందరు జబ్బును దాచిపెడతారు. డాక్టరును బతిమాలుతారు, సిఫారసులు చేయిస్తారు. ఇది తమకూ ప్రమాదం, తమ బండిలో కూర్చున్నవారికీ ప్రమాదం.

ఆ భయం పోవడానికి చట్టం ఉంది. వికలాంగుల హక్కుల చట్టం, 2016, 20వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగంలో ఉండగా వైకల్యం ఏర్పడిన ప్రభుత్వోద్యోగిని తీసివేయరాదు, హోదా తగ్గించరాదు. ఆ పని చేయలేకపోతే అదే జీతపు స్కేలు, అవే సౌకర్యాలతో వేరే పని ఇవ్వాలి. ఇటువంటి రక్షణ 1995 నాటి చట్టంలో కూడా ఉండేది. ‘వద్దు’ అని చెప్పే డాక్టరుకు రక్షణ కావాలి. ‘వద్దు’ అనిపించుకొన్న మనిషికి జీవనాధారం కావాలి. రెండూ ఉంటేనే నిజం చెప్పడం సులువవుతుంది.

డాక్టర్లకు కూడా కట్టుబాటు ఉన్నది. 2002 నాటి వైద్యవృత్తి ప్రవర్తనా నియమావళి ప్రకారం, అబద్ధపు సర్టిఫికెట్‌పై సంతకం చేసిన డాక్టరు పేరును రిజిస్టరునుంచి తొలగించవచ్చు. అందువల్ల ‘ఒక్క సంతకమే కదా’ అని మనం అడిగేది చిన్న కోరిక కాదు. ఆయన వృత్తినే పణంగా పెట్టమని అడుగుతున్నాం.

17.8 మీరు ఏం చేయవచ్చు?

1. గాయాన్ని, జబ్బును డాక్టరు దగ్గర దాచకండి. ఎప్పుడు, ఎట్లా తగిలిందో ఉన్నదున్నట్లు చెప్పండి.
2. ఎన్ని రోజుల విశ్రాంతి కావాలో, తిరిగి ఎప్పుడు పరీక్షించుకోవాలో రాయించుకోండి. ఆ చీటీ నకలు దాచుకోండి.
3. మీ అబ్బాయో అమ్మాయో జట్టులో ఆడుతుంటే, ఫిట్ అని చెప్పింది ఎవరని అడగండి. “కోచ్ సార్ చెప్పారు” అంటే అది చాలదు.
4. సందేహం ఉంటే వేరొక డాక్టరు అభిప్రాయం తీసుకోండి. అది మొదటి డాక్టరును అవమానించడం కాదు.
5. డాక్టరు ‘వద్దు’ అంటే సిఫారసు కోసం తిరగకండి.

17.9 మీరు నేర్చుకొన్నది

నొప్పి తగ్గినంత మాత్రాన గాయం మానినట్లు కాదు. ఆటలోకో పనిలోకో తిరిగి పంపే నిర్ణయం వైద్యునిది. ఆ నిర్ణయం చెప్పినందుకు వైద్యుని ఉద్యోగం పోయే పరిస్థితి ఉండరాదు. డాక్టర్ లించ్ కేసు ఈ విషయాన్నే ముందుకు తెచ్చింది. ‘కాదు’ అని రాయగల డాక్టరు ‘అవును’ అని రాసినప్పుడే ఆ మాటకు విలువ.

17.10 పాఠగత ప్రశ్నలకు జవాబులు

1. (అ) కాదు. నొప్పి ముందే తగ్గవచ్చు, లోపలి గాయం మానడానికి ఇంకా చాలాకాలం పట్టవచ్చు. (ఆ) లక్షణాలు మర్నాటికి గాని బయటపడకపోవచ్చు కాబట్టి.
2. (అ) పెన్ స్టేట్ హెల్త్ సంస్థ మీద. (ఆ) ఇటువంటి పని మళ్లీ జరగకుండా హెచ్చరించడం.

మీరు చేయవలసిన పని: మీ ఇంట్లో గాని, ఇరుగుపొరుగున గాని జబ్బు పూర్తిగా తగ్గకముందే పనిలోకి వెళ్లినవారితో మాట్లాడండి. అట్లా ఎందుకు వెళ్లవలసి వచ్చిందో అడిగి తెలుసుకోండి. పది వాక్యాల్లో రాసి, ఈసారి అధ్యయన కేంద్రానికి వచ్చేటప్పుడు తీసుకొని రండి.