పక్కింటి తాళం చెవి

మన పెద్దవాళ్ళు అమెరికా వచ్చి మనవల్ని పెంచడం గురించి పోయిన నెల మాట్లాడుకున్నాం కదా. ఆ తరవాత ఒకావిడ ఫోన్ చేసి ఇలా అడిగారు: "మీరు ఉండేది యూటాలో కదండీ, అక్కడ అరవై దాటిన మొగుడూ పెళ్ళాలు ఇంటికి తాళం వేసేసి ఏ దేశమో వెళ్ళిపోతారట, నిజమేనా? ఎందుకు వెళతారు?" నిజమేనండీ. మా పక్కింటి తాళం చెవి ఏడాదిన్నర మా వంటింట్లోనే ఉంది. అందుకని ఈవేళ ఆ సంగతే చెబుతాను. నేను ఆ చర్చికి చెందినదాన్ని కాదు. పక్కింటిదాన్ని, అంతే.

ముందు పేరు సంగతి. మనం మార్మన్లు అంటుంటాం గానీ, 2018 నుంచి ఆ పేరు వద్దని వాళ్ళే చెబుతున్నారు. అసలు పేరు చర్చ్ ఆఫ్ జీసస్ క్రైస్ట్ ఆఫ్ లాటర్-డే సెయింట్స్. తెల్ల చొక్కా, నల్ల బ్యాడ్జితో ఇద్దరేసి చొప్పున తిరిగే కుర్రాళ్ళని మీరందరూ చూసే ఉంటారు. పద్దెనిమిదేళ్ళు నిండాక రెండేళ్ళ పాటు వెళతారు వాళ్ళు. పెద్దవాళ్ళ మిషన్ వేరు. ఇంటి మీద ఆధారపడిన పిల్లలు లేని దంపతులు, ఎక్కువగా రిటైరైనవాళ్ళు, ఆరు నెలల నుంచి ఇరవై మూడు నెలల దాకా వెళ్ళొచ్చు. జీతం లేదు. ఖర్చు సొంతానిదే. అద్దె, తిండి, అన్నీ. ఖరీదైన ఊళ్ళకి పంపితే తట్టుకోలేకపోతున్నారని 2011లో ఒక మార్పు తెచ్చారు: ఇంటి ఖర్చు నెలకి 1,400 డాలర్లు దాటితే మిగిలింది చర్చి పెట్టుకునేట్టు. ఆ రోజుల్లో మా వీధిలో ఇదే కబురు. "మిషన్ కోసం దాస్తున్నాం" అని కారు మార్చకుండా పదేళ్ళు నడిపేవాళ్ళు మా చుట్టూ ఉన్నారు. మనవాళ్ళు అమ్మాయి పెళ్ళికి దాచినట్టే.

ఎక్కడికి వెళ్ళాలో తమ ఇష్టం చెప్పుకోవచ్చు, కానీ చివరి మాట సాల్ట్ లేక్ నుంచి వస్తుంది. ముందు డాక్టరు పరీక్షలు, తరవాత వాళ్ళ వార్డు బిషప్పుతో మాటలు. ఈ బిషప్పుకీ జీతం ఉండదండోయ్, వారమంతా ఇంకో ఉద్యోగం చేసుకునే మనిషే. అవయ్యాక ఉత్తరం వస్తుంది. మా పక్కింటి వాళ్ళకి 2015 మార్చిలో వచ్చింది. ఆయనకి అరవై ఏడు, కౌంటీ నీళ్ళ శాఖలో చేసి రిటైరయ్యారు. ఆవిడకి అరవై నాలుగు, ఒక బడిలో లెక్కలు రాసేది. ఫిజీ, సువా నగరం, మిషన్ ఆఫీసు, పద్దెనిమిది నెలలు. ఆవిడ ఉత్తరం పట్టుకుని మా ఇంటికి వచ్చి, "ఫిజీలో మీవాళ్ళు ఉంటారటగా?" అంది.

ఉంటారు మరి. 1879 నుంచి 1916 దాకా గిర్మిట్ కింద చెరకు తోటలకి మనుషుల్ని తీసుకెళ్ళారు. మద్రాసు రేవు నుంచి 1903లో మొదలుపెట్టారు, అందులో తెలుగువాళ్ళు చాలామంది. దక్షిణాది వాళ్ళు 1926లో పెట్టుకున్న సంగం ఇప్పటికీ అక్కడ బళ్ళు నడుపుతోంది. మా పక్కింటావిడ సువాలో పచారీ కొనే కొట్టాయన ఇంటిపేరు నాయుడు. తెలుగు రాదు, ఇంట్లో ఫిజీ హిందీ. నేను ఆవిడకి నేర్పి పంపిన "బాగున్నారా" ఆయన దగ్గర అక్కరకు రాలేదు పాపం.

నేను మొదట్లోనే మొహమాటం లేకుండా అడిగాను, "అక్కడ మావాళ్ళ మతం మారుస్తారా?" అని. "ఇల్లిల్లూ తిరిగి చెప్పేది కుర్రాళ్ళు. మాది ఆఫీసు పని. ఎవరైనా అడిగితే దాచం" అంది. ఆ జవాబుతో నేను తృప్తి పడ్డానని చెప్పను. లెక్కలు రాసినా ఆ పనికి సాయమే కదా. ఆ మాట కూడా అన్నాను. "అవును, సాయమే" అని ఒప్పుకుంది. అబద్ధం ఆడలేదు, నాకు అది నచ్చింది. మన ఊళ్ళతో కూడా ఈ చర్చికి ఇలాంటి లంకె ఒకటి ఉందండి. సమోవాలో ఉద్యోగం చేస్తూ ఈ చర్చిలో చేరిన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు 1978 డిసెంబరులో మిషన్ పని మీద హైదరాబాదు వచ్చారు. వాళ్ళ బంధువుల్లో ఇరవై ఇద్దరు అప్పుడు బాప్తిస్మం తీసుకున్నారు. 2012లో భారతదేశంలో మొదటి స్టేక్, అంటే కొన్ని సంఘాల కూటమి, అదే ఊళ్ళో ఏర్పడింది. అంచేత నా ప్రశ్న ఊరికే వేసింది కాదు.

సరే, వీళ్ళు ప్రోవోలో ఒక వారం శిక్షణ తీసుకుని మే నెలలో వెళ్ళారు. అక్కడ చేసే పని వింటే మీకు నవ్వొస్తుంది. కుర్ర మిషనరీలు ఉండే అద్దె ఇళ్ళకి కరెంటు బిల్లులు కట్టడం. పరుపులు, ఫ్యాన్లు, వంట గిన్నెలు కొనడం. నెలకోసారి వెళ్ళి సింకు కింద ఏం పేరుకుందో చూడడం. డెంగ్యూ వచ్చిన కుర్రాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళి, వాళ్ళమ్మకి ఫోన్ చేసి ధైర్యం చెప్పడం. ఆయనకి బళ్ళ మరమ్మతులు, కుళాయిల పని. అరవై ఏడేళ్ళ వయసులో ఎడమ పక్కన కారు నడపడం కొత్తగా నేర్చుకున్నారు. సువాలో తెరిపి లేని వాన, బీరువాలో బట్టలు బూజు పట్టేవిట. మొగుడూ పెళ్ళాం ఒకళ్ళనొకళ్ళు "ఎల్డర్", "సిస్టర్" అని పిలుచుకోవాలి కదా, కోపం వస్తే ఆవిడ ఆయన్ని "ఎల్డర్" అని గట్టిగా పిలిచేదిట. రిటైరయ్యాక ఇరవై నాలుగ్గంటలూ మొగుడితోనే ఉండడం అన్నిటికన్నా కష్టం అని చెప్పింది. ఈ మాట విని మా వారు లేచి టీ పెట్టుకోడానికి వెళ్ళిపోయారు.

అసలు కష్టం అది కాదని నాకు డిసెంబరులో తెలిసింది. వాళ్ళ అమ్మాయి మా ఊళ్ళోనే ఉంటుంది. అమ్మా నాన్నా వెళ్ళాక తను కడుపుతో ఉన్నట్టు తెలిసింది. రెండో కాన్పు. మనకయితే ఏమిటి? కూతురికి నెలలు నిండుతున్నాయంటే అమ్మ వీసా వేయించుకుని, పెట్టెలో కాయం, శొంఠిపొడి సర్దుకుని సముద్రం దాటి వస్తుంది. ఇక్కడ అమ్మ సముద్రానికి ఆవలి ఒడ్డున పరుపులు కొంటోంది. కుటుంబంలో అత్యవసరమైతే సొంత ఖర్చుతో కొద్దిరోజులు వచ్చి వెళ్ళనిస్తారు. ఆవిడ రాలేదు. ఆఫీసులో లెక్కలు చూసే ఇంకో మనిషి అప్పటికి లేరు, ఏడాది చివరి లెక్కలు. "లెక్కలకేం, నాకు అమ్మ కావాలి" అని ఆ పిల్ల మా వంటింట్లో కూచుని ఏడ్చింది. నేను ఏమీ అనలేదు. నెయ్యేసిన పెసరపప్పు, బీరకాయ కూర రెండు వారాలు పట్టుకెళ్ళాను. వెల్లుల్లి కారం మాత్రం ముట్టుకోలేదు.

ప్రతి శనివారం సాయంత్రం, అంటే వాళ్ళకి ఆదివారం మధ్యాహ్నం, స్కైపులో పాపని చూపించేది. కొన్ని శనివారాలు చూపించేది కాదు.

ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుపాను వచ్చింది. 2016 ఫిబ్రవరి 20, మాకు శుక్రవారం రాత్రి. ఐదో కేటగిరీ. దక్షిణార్ధగోళంలో అంతకు మించిన తుపాను నమోదు కాలేదని చెప్పారు. ఫిజీలో 44 మంది చనిపోయారు. రాత్రి పదకొండున్నరకి ఆ అమ్మాయి రెండు నెలల పాపని చంకనేసుకుని మా తలుపు కొట్టింది. ఫోన్లు పోవడం లేదు. మర్నాడంతా నేనూ, మా వారూ, ఆ పిల్లా మార్చి మార్చి నంబరు తిప్పాం. దివిసీమ ఉప్పెన నాటికి నేను బడిపిల్లని. అప్పుడు మా పెదనాన్న కబురు కోసం మా అమ్మ గుమ్మంలో ఎలా కూచుందో, ఈ పిల్లా అలాగే కూచుంది. ఆదివారం పొద్దున్న రెండు ముక్కల మెసేజి వచ్చింది, క్షేమం అని. సువా పెద్ద దెబ్బ తప్పించుకుంది. అటు రాకీరాకీ వైపు ఊళ్ళకి ఊళ్ళు నేలమట్టం అయ్యాయి. తరవాత ఆయన అటువైపు వెళ్ళి, నీళ్ళ ట్యాంకులు బాగుచేయడం, టార్పాలిన్లు పంచడంలో చాలా వారాలు గడిపారు. ముప్ఫయ్యేళ్ళ నీళ్ళ శాఖ అనుభవం అక్కడ అక్కరకొచ్చింది. ఈ ఒక్క పనికైనా వాళ్ళు వెళ్ళడం మంచిదే అయిందని ఇప్పటికీ అంటాను. కాన్పు సంగతి మాత్రం నాకు ఇంకా మింగుడు పడదు.

మన గుళ్ళలో ఇలాంటిది లేదా అని అడుగుతారేమో. తిరుమలలో శ్రీవారి సేవ 2000 నుంచి ఉంది, పుట్టపర్తి ఆసుపత్రిలో సేవకి వెళ్ళే పెద్దవాళ్ళు నాకు తెలుసు. అవి చాలావరకు రోజుల, వారాల లెక్క. ఏడాదిన్నర ఇల్లు వదిలి, ఇద్దరూ కలిసి, పంపిన చోటికి వెళ్ళడం అంటే మన ఇళ్ళలో పిల్లలు ముందు ఒప్పుకోరు. వాళ్ళ ఇళ్ళలోనూ అందరూ ఒప్పుకోరు. అది నేను కళ్ళారా చూశాను.

నవంబరులో తిరిగొచ్చారు. ఎయిర్‌పోర్టుకి మేమూ వెళ్ళాం. పదకొండు నెలల పాప అమ్మమ్మని చూసి గుక్కపెట్టి ఏడ్చి నా భుజం మీదకి దూకింది. ఆవిడ చేతులు అలాగే చాపి ఉంచింది కాసేపు. కారులో అమ్మాయి వెనక సీటులో, ఆవిడ ముందు సీటులో, ఇంటి దాకా మాటల్లేవు. మచ్చిక అవడానికి మూడు వారాలు పట్టింది పాపకి. అమ్మాయికి ఇంకా ఎక్కువే పట్టింది.

నేను తాళం చెవి ఇవ్వబోతే ఆవిడ పుచ్చుకోలేదు. "ఉండనీ, మళ్ళీ అప్లై చేద్దామంటున్నారు ఆయన" అంది. "నువ్వేమన్నావు?" అని అడిగాను. "పాపకి అయిదేళ్ళు రానివ్వమన్నాను" అంది.