నడిసంద్రంలో పడవ పాడైతే బాగుచేసేది ఎవరు?

పోయిన నెల మన బరంపురం సంఘంలో పిల్లల తెలుగు తరగతికి 'తారిణి' పడవ బొమ్మ పట్టుకెళ్ళాను. మన నౌకాదళానికి చెందిన ఈ తెరచాప పడవ 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి, భూగోళం చుట్టి, 2018 మే 21న తిరిగి గోవా చేరింది. అందులో ఉన్న ఆరుగురూ మహిళా అధికారులే. వారిలో విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి, హైదరాబాదు అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య మన తెలుగువాళ్ళు. ఆ మాట చెప్పి చప్పట్లు కొట్టిద్దామనుకున్నాను.

ఇంతలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "తాతగారూ, నడిసంద్రంలో పడవ పాడైతే బాగుచేసేది ఎవరండీ?" అని అడిగింది.

నేను ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. కుర్చీ కాలు ఊగితే కింద కాగితం మడిచిపెట్టి, వడ్రంగి కోసం ఎదురుచూడటం నా అలవాటు. వచ్చే వారం చెబుతానమ్మా అన్నాను. చదివి, నలుగురిని అడిగి తెలుసుకున్నది మీకూ చెబుతున్నాను.

బాగుచేసేది అందులో ఉన్నవాళ్ళే. నెలల తరబడి తెరచాప పడవే ఇల్లుగా బతికేవాళ్ళకు ప్రయాణం సగం, మరమ్మతు సగం. ఉప్పునీరు, ఎండ, ఆగని ఊపు కలిసి రోజూ ఏదో ఒకదాన్ని పాడుచేస్తూనే ఉంటాయి.

ముందుగా నీరు. పడవ నేలపలకల కింద బిల్జ్ అనే చోటు ఉంటుంది. అక్కడ నీరు కనబడితే వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని చూస్తారు. తియ్యగా ఉంటే మంచినీళ్ళ ట్యాంకో గొట్టమో కారుతోంది. ఉప్పగా ఉంటే సముద్రమే లోపలికి వస్తోంది, ఎక్కడినుంచో వెంటనే వెతకాలి. నీరు వచ్చిపోయే గొట్టాల కోసం పడవ అడుగున రంధ్రాలు, వాటికి వాల్వులు ఉంటాయి. జాగ్రత్త తెలిసినవాళ్ళు ప్రతి వాల్వు పక్కన దానికి సరిపోయే చెక్క బిరడా కట్టి ఉంచుతారు. వాల్వు విరిగిందా, బిరడా దిగగొట్టడమే.

తర్వాత ఇంజను. గాలి లేనప్పుడు, రేవులోకి వెళ్ళేటప్పుడు అదే దిక్కు. చాలా పడవల్లో దాన్ని సముద్రపు నీటితో చల్లబరుస్తారు. ఆ నీటిని తోడే పంపులో రబ్బరు రెక్కల చక్రం ఉంటుంది. నాచో ప్లాస్టిక్ సంచో అడ్డుపడి నీరు రాకపోతే ఆ రెక్కలు ఊడిపోతాయి. అందుకే ఇంజను వేయగానే పొగగొట్టంలోంచి నీళ్ళు చిమ్ముతున్నాయో లేదో చూస్తారు. లేకపోతే ఆపేసి పంపు విప్పుతారు. అలల ఊపుకి ట్యాంకు అడుగున ఉన్న మడ్డి లేచి డీజిల్ ఫిల్టరుకు అడ్డుపడటం మరో తరచు జబ్బు.

మరుగుదొడ్డి సంగతి చెబితే పిల్లలు నవ్వారు. సముద్రపు నీరు, మూత్రం కలిసి గొట్టాల్లో సున్నంలాంటి పొర కడతాయి. అది ముదిరితే గొట్టం విప్పి శుభ్రం చేయాల్సిందే. ఊగే పడవలో, తలుపులేసిన ఇరుకు గదిలో ఆ పని ఎలా ఉంటుందో ఊహించుకోండి.

వంటగ్యాస్ మాత్రం నవ్వులాట కాదు. అది గాలికంటే బరువు. ఇంట్లో లీకయితే తలుపులు తీస్తాం. పడవలో అది అడుగున చేరి నిలుస్తుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే సిలిండరును విడి పెట్టెలో పెట్టి, లీకైన గ్యాసు పడవ బయటికే పోయేలా కింద గొట్టం పెడతారు.

తారిణికీ కష్టం తప్పలేదు. కేప్‌టౌన్ నుంచి గోవాకు వస్తుండగా, 2018 ఏప్రిల్‌లో, చుక్కాని తిప్పే స్టీరింగు చెడింది. అనుకోకుండా మారిషస్‌లోని పోర్ట్ లూయీ రేవుకు మళ్ళాల్సి వచ్చింది. ప్రపంచం చుట్టి ఇంటి దారి పట్టాక వచ్చిన చిక్కు అది. అక్కడ బాగుచేయించుకుని మళ్ళీ తెరచాప ఎత్తారు.

మన నౌకాదళ మాజీ అధికారి అభిలాష్ టామీ సంగతి ఇంకొకటి. 2022లో మొదలైన గోల్డెన్ గ్లోబ్ పందెంలో ఒంటరిగా వెళ్తుండగా, గాలిని బట్టి పడవను దారిలో ఉంచే పరికరం రెక్కలు విరిగిపోయాయి. మరుగుదొడ్డి తలుపు చెక్కతో కొత్త రెక్క చేసుకున్నారు. 2023 ఏప్రిల్ 29న రెండోవారుగా గమ్యం చేరారు. అదే ఆయన 2018లో ఇదే పందెంలో తుపానుకు తెరచాప స్తంభం విరిగి, వెన్ను దెబ్బతిని పడవలోనే పడి ఉంటే ఫ్రెంచి నౌక వచ్చి కాపాడింది. అన్నీ మన చేతిలో ఉండవు. చేతిలో ఉన్నవి మాత్రం వదలకూడదు.

ఇవన్నీ రాసుకుని, తాళ్ళ గురించి అడుగుదామని గోపాల్‌పూర్ వెళ్ళాను. అక్కడ నోలియాలని పిలిచే మన తెలుగు మత్స్యకారులు ఒకప్పుడు మేకులు లేకుండా, పలకలను కొబ్బరి తాడుతో కుట్టిన పడవల్లో అలలు దాటేవారు. కుట్టు సడలితే మళ్ళీ కుట్టేవారు. ఇప్పుడు ఫైబరు పడవలు, మోటార్లు వచ్చాయి. ఒక పెద్దాయన నా ప్రశ్న విని, "తాడు ఊరికే తెగదు బాబూ, రాసుకున్నచోట ముందే పీచు లేస్తుంది. పొద్దున్నే చూసుకున్నవాడికి తెగదు" అన్నారు. సముద్రయానం పుస్తకాల్లో నేను వారం రోజులు చదివింది అదే. మా మనవలకు ఈ కుట్టు రాదు, అడగరు కూడా, అన్నారు చివర్లో.

తర్వాతి తరగతిలో ఇదంతా చెప్పాను. ఆ అమ్మాయి, "అయితే ముందు ఏం నేర్చుకోవాలండీ?" అంది. ఇంట్లో కారే కుళాయి ఉంటే విప్పి వాషరు మార్చమన్నాను. మార్చిందట. వాళ్ళమ్మ ఫోన్ చేసి, వంటిల్లంతా తడిపేసిందండీ, కానీ కారడం ఆగింది అని చెప్పారు.

వచ్చే నెల రెండో ఆదివారం తరగతికి ఆ పెద్దాయన తాడు తీసుకుని వస్తానన్నారు. పిల్లల్ని పంపండి, మీరూ రండి. ఆలోగా నా కుర్చీ కాలు సంగతి నేను చూస్తాను.