30 ఏళ్లు పోస్టాఫీసులో దాగిన నాట్యం

స్వీడన్ దేశంలో సముద్రతీరాన హెరాంగ్ అనే చిన్న ఊరు ఉంది. ఒకప్పుడు ఇనుప ఖనిజం గని మీద బతికిన ఊరది. గని మూతపడ్డాక అక్కడ మిగిలింది కొన్ని వందల మంది జనమే. అలాంటి పల్లె పేరు 1982లో మొదలైన ఒక వేసవి శిబిరం మూలంగా దేశదేశాలకు పాకింది. పలు ఖండాల నుంచి వేలాది మంది దానికోసం ప్రయాణాలు కట్టారు. వారిని రప్పించింది తిరునాళ్లూ కాదు, వ్యాపారమూ కాదు. న్యూయార్కు నగరంలో దాదాపు నూరేళ్ల క్రితం నల్లజాతి యువతీయువకులు కల్పించిన 'లిండీ హాప్' అనే జంట నాట్యం.

పుట్టినచోటే మరుగున పడిపోయిన ఈ నాట్యం మళ్లీ వెలుగు చూడడానికి కారకులైన పెద్దల్లో ముఖ్యులు ఫ్రాంకీ మానింగ్. ఈయన 30 ఏళ్లకు పైగా పోస్టాఫీసులో ఉద్యోగం చేసిన మనిషి. ఆయన కథ తెలియాలంటే ముందు ఆ ఆటల పుట్టుక తెలియాలి.

మోకాళ్లతో మొదలైన మోజు

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలో గడిచిన పదేళ్లను 'జాజ్ యుగం' అంటారు. జాజ్ అక్కడి నల్లజాతి వారి సంగీతం. బాకాలు, పియానో, డ్రమ్ములు అందులో ముఖ్య వాద్యాలు. వాద్యకారుడు అప్పటికప్పుడు సొంత కల్పన చేసి వాయించడం దాని ప్రత్యేకత. మన కచేరీల్లో మనోధర్మం అంటామే, దాదాపు అలాంటిది.

1923లో న్యూయార్కులో 'రన్నిన్ వైల్డ్' అనే సంగీత నాటకం ప్రదర్శించారు. అందులో జేమ్స్ పి. జాన్సన్ బాణీ కట్టిన 'చార్ల్‌స్టన్' పాట, దానితోపాటు ఆడిన ఆట దేశాన్ని ఊపేశాయి. చార్ల్‌స్టన్ అనేది దక్షిణ కరొలినా రాష్ట్రంలోని ఒక రేవు పట్టణం. మడమలు, మోకాళ్లు లోపలికీ బయటికీ తిప్పుతూ, చేతులు ఊపుతూ ఆడే ఆట ఇది. ఒంటరిగా ఆడవచ్చు, జంటగానూ ఆడవచ్చు. 1925లో జోసఫిన్ బేకర్ అనే నల్లజాతి నర్తకి ప్యారిస్‌లో దీన్ని ఆడి యూరపు ఖండాన్నంతటినీ ఆకట్టుకుంది.

కుర్రకారు ఎంతగా మెచ్చుకున్నారో పెద్దలు అంతగా మండిపడ్డారు. 1925 జూలై 4న బోస్టన్ నగరంలో పిక్‌విక్ క్లబ్బు భవనం కూలి 44 మంది మరణించారు. చార్ల్‌స్టన్ గెంతుల వల్లే భవనం కూలిందని ప్రచారం సాగింది. కట్టడంలోని లోపాలు బయటపడ్డా ఆ అపవాదు మాత్రం ఆటను చాలాకాలం వదలలేదు.

రంగు అడ్డురాని హాలు

హార్లెం న్యూయార్కులో నల్లజాతి వారు ఎక్కువగా నివసించే పేట. అక్కడి లెనాక్స్ అవెన్యూలో 1926 మార్చి 12న సవాయ్ బాల్‌రూమ్ అనే నాట్యశాల తెరిచారు. వీధిలో ఒక మలుపు నుంచి మరో మలుపు దాకా సాగిన హాలు అది. లోపల రెండు బ్యాండు వేదికలు ఉండేవి. ఒక బ్యాండు ఆపగానే రెండోది అందుకునేది. జనం తొక్కిడికి చెక్క నేల అరిగిపోయి మూడేళ్లకోసారి మార్చాల్సి వచ్చేదని చెబుతారు.

అన్నిటికంటే చెప్పుకోదగ్గ విశేషం మరొకటి ఉంది. అదే హార్లెంలోని కాటన్ క్లబ్బులో ఆడేవారు, పాడేవారు నల్లవారు. చూసే కుర్చీలు మాత్రం తెల్లవారికే. సవాయ్‌లో ఆ తేడా లేదు. నలుపు, తెలుపు ఒకే నేల మీద కలిసి ఆడారు. అక్కడ ఎదుటివారి ముఖం కాక కాళ్లు చూసేవారని నాటివారు చెప్పేవారు. బస్సుల్లో, బడుల్లో రంగును బట్టి వేరుచేసిన దేశంలో ఇది సామాన్యమైన సంగతి కాదు. 1943లో అధికారులు ఆ హాలును కొన్ని నెలలు మూయించారు. వ్యభిచారం జరుగుతోందని వారు చెప్పిన కారణం. రెండు రంగుల వారు కలిసి ఆడడమే అసలు కారణమని హార్లెం ప్రజలు నమ్మారు.

ఆ హాలులోనే లిండీ హాప్ పెరిగి పెద్దదైంది. 1927లో చార్లెస్ లిండ్‌బర్గ్ ఒక్కడే విమానంలో అట్లాంటిక్ మహాసముద్రం దాటాడు. ఆయన ముద్దుపేరు మీదే ఈ నాట్యానికి పేరు వచ్చిందని ప్రసిద్ధి. మొదటి తరం ఆటగాళ్లలో జార్జి స్నోడెన్ పేరు ముందు చెబుతారు.

జంట దగ్గరకు వచ్చి ఒక చుట్టు తిరగడం, చేయి వదలకుండానే దూరం జరగడం, ఆ దూరంలో ఎవరికి తోచిన అడుగు వారు వేయడం, మళ్లీ కలవడం. ఎనిమిది లెక్కల్లో సాగే ఈ ఒక్క పట్టే నాట్యమంతటికీ మూలం. మన కోలాటంలో గురువు సైగ మీద అందరూ ఒకే అడుగు వేస్తారు. ఇక్కడ ముందుగా ఒప్పందం ఏమీ లేదు. ఏ అడుగు వేయాలో పాట వింటూ ఆ ఇద్దరే అప్పటికప్పుడు తేల్చుకుంటారు.

గాలిలోకి లేచిన జోడీ

ఫ్రాంకీ మానింగ్ 1914 మే 26న ఫ్లోరిడా రాష్ట్రంలో పుట్టి, చిన్నతనంలోనే తల్లితో హార్లెం చేరారు. 1935లో సవాయ్‌లో జరిగిన పోటీలో ఆయన, ఫ్రీడా వాషింగ్టన్ అనే జోడీ కొత్త విద్య చూపించారు. ఇద్దరూ వీపుకు వీపు ఆనించి నిలబడ్డారు. ఆయన ముందుకు వంగగానే ఆమె ఆయన వీపు మీదుగా గాలిలో దొర్లి, తాళం తప్పకుండా ఎదుట దిగింది. హాలు దద్దరిల్లిపోయింది. అప్పటిదాకా నేల మీద ఉన్న ఆట ఆ రాత్రి నుంచి గాలిలోకి లేచింది.

నార్మా మిల్లర్ కథ ఇంకా ముచ్చటైనది. 1919లో పుట్టిన ఈమె ఇల్లు సవాయ్ హాలు వెనుక వైపు ఉండేది. ఇంటి బయటి ఇనుప మెట్ల మీద కూర్చుని కిటికీల్లోంచి ఆట చూస్తూనే అడుగులు పట్టేసింది. 12 ఏళ్ల వయసులో ఒక ఈస్టరు పండుగనాడు హాలు ముందు కాలిబాట మీద ఆడుతుంటే, ఒక పేరున్న ఆటగాడు చూసి చేయిపట్టి లోపలికి తీసుకువెళ్లాడు.

సవాయ్‌లో కాపలా పని చూసే హెర్బర్ట్ వైట్ ఇలాంటి యువకులను పోగుచేసి ఒక జట్టు కట్టాడు. ఆ జట్టు దేశాలు తిరిగింది, సినీమాలకెక్కింది. 1941 నాటి 'హెల్జాపాపిన్' చిత్రంలో వారి ఆట ఇప్పటికీ చూసేవారిని నోరు తెరిపిస్తుంది. కానీ అందులో వారికి వేసిన వేషాలు వంటవాళ్లవి, పనివాళ్లవి. నల్లవారి ఆటపాటలను కథతో సంబంధం లేకుండా విడిగా చిత్రించడం ఆనాటి హాలీవుడ్ ఆనవాయితీ. దక్షిణాది రాష్ట్రాల్లో ఆ ముక్కను కత్తిరించినా కథ తెగకూడదన్నదే అందులోని కిటుకు.

యుద్ధం, పన్ను, మరుపు

రెండో ప్రపంచ యుద్ధం ఆటగాళ్లను సైన్యంలోకి లాక్కుపోయింది. మానింగ్ కూడా వెళ్లారు. 1944లో నాట్యం, పాట ఉండే హోటళ్లు, క్లబ్బుల మీద అమెరికా ప్రభుత్వం 30 శాతం పన్ను వేసింది. కొద్ది నెలలకే 20 శాతానికి తగ్గించినా చాలాచోట్ల నాట్యానికి తెరపడింది. జాజ్ కూడా కూర్చుని వినే సంగీతంగా మారింది. తర్వాత రాక్ అండ్ రోల్ వచ్చింది. 1958లో సవాయ్ తలుపులు మూసుకున్నాయి. ఆ స్థలంలో ఇళ్ల సముదాయం లేచింది.

మానింగ్ కొంతకాలం సొంత జట్టు నడిపారు. అది సాగక 1950ల మధ్యలో పోస్టాఫీసులో చేరారు. సినీమాల్లో ఆడిన మనిషి అని పక్క బల్ల వారికి కూడా తెలియకుండా ఏళ్లు గడిచాయి.

ఒక ఫోను పిలుపు

ఇంతలో స్వీడన్ యువకులు పాత సినీమా రీళ్లు చూసి ముగ్ధులయ్యారు. రీళ్లు తిప్పి తిప్పి చూసినా చేతి పట్టు, బరువు మార్చుకునే మెళకువ అంతుపట్టలేదు. నేర్పే మనిషి కావాలి. వెతుక్కుంటూ న్యూయార్కు వచ్చి సవాయ్ నాటి ఆటగాడు ఆల్ మిన్స్‌ను పట్టుకున్నారు. ఆయన 1984లో స్టాక్‌హోం వెళ్లి నేర్పారు. మరుసటి ఏడే కన్నుమూశారు. ఒక్క ఏడాది ఆలస్యమై ఉంటే ఆ పాఠం దక్కేదే కాదు.

1986లో కాలిఫోర్నియా నుంచి ఎరిన్ స్టీవెన్స్, స్టీవెన్ మిచెల్ అనే ఇద్దరు మానింగ్‌ను వెతికారు. ఫోను చేసి నర్తకుడు మానింగ్ మీరేనా అని అడిగితే, తాను పోస్టాఫీసు మానింగ్‌నని ఆయన జవాబిచ్చారని చెబుతారు. నేర్పడానికి మొదట వెనుకాడినా చివరకు ఒప్పుకున్నారు. అప్పటికి ఆయన వయసు 70 దాటింది. మరుసటి ఏడు స్వీడన్ వెళ్లారు. 1989లో 'బ్లాక్ అండ్ బ్లూ' నాటకానికి నృత్యాలు కూర్చినందుకు మరి ముగ్గురితో కలిసి టోనీ అవార్డు అందుకున్నారు. 80వ పుట్టినరోజున 80 మంది స్త్రీలతో వరుసగా ఆడారు. 2009 ఏప్రిల్ 27న కన్నుమూసేదాకా దేశాలు తిరిగి నేర్పుతూనే ఉన్నారు. ఆయన పుట్టినరోజైన మే 26ను ప్రపంచ లిండీ హాప్ దినంగా జరుపుకుంటున్నారు.

మన వైపు వచ్చిన గాలి

ఆ సంగీతపు గాలి మనదేశానికీ తగిలింది. 1935లో లియాన్ అబే అనే నల్లజాతి వాద్యకారుడు తన బ్యాండుతో వచ్చి బొంబాయి తాజ్‌మహల్ హోటల్‌లో వాయించారు. ఆ బాణీని గోవా వాద్యకారులు అందిపుచ్చుకుని హిందీ సినీమా పాటల్లోకి తెచ్చారు. సంగీత దర్శకుడు సి. రామచంద్ర దగ్గర పనిచేసిన బాకా విద్వాంసుడు చిక్ చాక్లెట్ అలాంటివారే. గుంతకల్లు, కాజీపేట, లాలాగూడ వంటి రైల్వే కాలనీల్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలకు రైల్వే ఇన్‌స్టిట్యూట్ నాట్యాలు పెద్ద వేడుక. డ్రైవర్లు, గార్డులు కుటుంబాలతో వచ్చి చెక్క నేల మీద జంటలుగా ఆడేవారు. ఆ కుటుంబాల్లో చాలామంది ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ వెళ్లిపోవడంతో ఆ సందడి సన్నగిల్లింది. ఇప్పుడు బెంగుళూరు, ఢిల్లీ, ముంబై నగరాల్లో కొత్త తరం లిండీ హాప్ నేర్చుకుంటోంది.

ఎందుకింత ఆకర్షణ

ఈ ఆటకు మూలం నడక, గెంతు. ఏళ్ల తరబడి సాధన అక్కరలేదు. జోడీ భార్యాభర్తలే కానక్కరలేదు, భాష కలవనక్కరలేదు. ఒక పాట అయ్యాక జోడీ మార్చుకోవడం మర్యాద. అందువల్ల కొత్తవాడు కూడా సాయంత్రం ముగిసేలోగా పదిమందికి పరిచయమవుతాడు. తప్పు అడుగు పడితే నవ్వుకుని దాన్నే కొత్త అడుగుగా మలుచుకుంటారు.

ఆరోగ్యం మాటా ఉంది. న్యూయార్కులో 75 ఏళ్లు దాటిన 469 మంది అలవాట్లను కొన్నేళ్లపాటు గమనించి వైద్యులు 2003లో ఫలితాలు ప్రకటించారు. ఒళ్లు కదిలించే అలవాట్లలో ఒక్క నాట్యం ఉన్నవారిలోనే వృద్ధాప్యపు మతిమరుపు జబ్బు తక్కువగా కనిపించింది. నాట్యమే కారణమని అది రుజువు చేయకపోయినా, ఆలోచన, కదలిక, తోడు ఒక్కచోట కలిసే పని ఇదని మాత్రం గుర్తు చేసింది.

నార్మా మిల్లర్ 2019 మే 5న 99వ ఏట కన్నుమూశారు. సవాయ్ ఉన్న చోట ఇప్పుడు మిగిలింది ఒక ఫలకం. 2002లో మానింగ్, మిల్లర్‌లే దాన్ని ఆవిష్కరించారు. హాలు పోయినా ఆట పోలేదు. రీళ్లలో దొరకని మెళకువను ముసలి చేతులు పడుచు చేతులకు అందించడం వల్లే అది నిలిచింది. చెక్కభజన, కోలాటం నేర్పిన పెద్దలు ప్రతి పల్లెలోనూ ఉన్నారు. ఫోను కూడా అక్కరలేదు, వారి గడప తొక్కితే చాలు.